రిపోర్టర్ల కేసులు పట్టాలంటే ఎక్కడ నేర్చుకోవాలి? జిల్లా కోర్టు లాయర్లకు దారి చెప్పండి

కిన్నెరసాని (ఖమ్మం)
అందరికీ నమస్తే. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నా. సివిల్ ఎక్కువ, చెక్ బౌన్సులు, అప్పుడప్పుడు బెయిళ్లు. ఈమధ్య ఒక పత్రిక కంట్రిబ్యూటర్ ఆఫీసుకొచ్చాడు. ఇసుక లారీల మీద వార్త రాస్తే లారీ ఓనరు ఫిర్యాదు ఇచ్చాడట. కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లోని 353(2) (వర్గాల మధ్య ద్వేషం రేపే వార్త), 352 (రెచ్చగొట్టే అవమానం), 308(2) (బలవంతపు వసూలు) పెట్టి కేసు కట్టారు. స్టేషన్ నుంచి వాట్సాప్‌లో నోటీసు వచ్చింది, "ఫోన్ తీసుకుని హాజరు కావలెను" అని. సరే, బెయిలు సంగతి చూడగలను. అయితే వార్త రాసినందుకు పెట్టిన కేసును మామూలు కొట్లాట కేసులా వాదిస్తే సరిపోదనిపిస్తోంది. పత్రికా స్వేచ్ఛ, మానవ హక్కుల కేసుల్లో లాయర్లకు పద్ధతిగా శిక్షణ ఇచ్చే చోటు ఏదైనా ఉందా? కోర్సులు చాలా కనబడుతున్నాయి. సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడం నాకక్కర్లేదు, రేపు మెజిస్ట్రేట్ ముందు పనికిరావాలి. ఎవరైనా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

శామీర్‌పేట_బ్యాచ్
నల్సార్‌లో మీడియా చట్టాల మీద దూరవిద్య పీజీ డిప్లొమా ఉంది, ప్రాక్టీస్ చేస్తూనే చదువుకోవచ్చు. రాజ్యాంగం 19(1)(ఏ) (భావ ప్రకటన స్వేచ్ఛ), 19(2) (దానికున్న పరిమితులు), పరువునష్టం, కోర్టు ధిక్కారం, ప్రసార చట్టాలు, ఇవన్నీ వరసగా చదవడానికి బాగుంటుంది. పునాది పడుతుంది. ఉచితంగా కావాలంటే కొలంబియా యూనివర్సిటీ గ్లోబల్ ఫ్రీడమ్ ఆఫ్ ఎక్స్‌ప్రెషన్ వాళ్ల తీర్పుల భాండాగారం చూడండి, మన సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులకు కూడా సారాంశాలున్నాయి. లండన్‌లోని మీడియా డిఫెన్స్ సంస్థ పాఠాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఎక్కువ ఆఫ్రికా కేసుల మీద ఉన్నా వాదన అల్లే తీరు నేర్చుకోవచ్చు.

కానీ మీరడిగిన "రేపు మెజిస్ట్రేట్ ముందు" అన్నదానికి ఇవేవీ నేరుగా జవాబివ్వవు. అది నిజం.

నల్లకోటు (హైదరాబాద్)
కిన్నెరసాని గారూ, కోర్సుల సంగతి తర్వాత. ముందు మీ కేసులో సెక్షన్లు చూడండి, శిక్షణ అక్కడే మొదలవుతుంది.

353(2)కు మూడేళ్లు. మూడేళ్లు, ఆపైన, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173(3) కింద డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి, కేసుందా లేదా తేల్చుకోవచ్చు. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, మాట మీదో రాత మీదో వచ్చిన ఫిర్యాదు ఈ శిక్షల పరిధిలోకి వస్తే, ఎఫ్ఐఆర్ కట్టేముందు ఈ ప్రాథమిక విచారణ చేయడమే సరైనదని. రాసిన మాటను ధైర్యం, వివేకం ఉన్న మనిషి కళ్లతో చదవాలి గానీ, ప్రతిదానికీ బెంబేలెత్తే వాడి కళ్లతో కాదని కూడా చెప్పింది.

ఇప్పుడు 308(2) ఎందుకు కలిపారో చూడండి. బలవంతపు వసూలుకు పాత ఐపీసీ 384లో మూడేళ్లే. బీఎన్ఎస్‌లో ఏడేళ్లు చేశారు. "ఏడేళ్ల లోపు" అన్న 173(3) గీత దాటిపోయింది. అంటే ఆ ఒక్క సెక్షన్ చేరిస్తే ప్రాథమిక విచారణ అడగడానికి లేదని స్టేషన్ వాళ్లు అంటారు. పైగా నాన్‌బెయిలబుల్. విలేకరి మీద కేసు అనగానే "డబ్బులు డిమాండ్ చేశాడు" అన్న వాక్యం ఎందుకు పుట్టుకొస్తుందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు కాపీ తీసుకుని చదవండి. ఎంత అడిగాడు, ఎప్పుడు, ఎవరి ముందు, ఇచ్చాడా లేదా? ఆ వివరాల్లేకుండా ఒక్క ముక్క తగిలించి వదిలేస్తే మీ క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని హైకోర్టులో వేసేది) మొదటి పేరా అక్కడే తయారవుతుంది. 308 ఉన్నా అవసరం లేకుండా అరెస్టు చేయకూడదన్న అర్నేష్ కుమార్ (2014) తీర్పు వర్తిస్తుంది, అది ఏడేళ్ల వరకూ ఉన్న నేరాలన్నిటికీ. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కోర్టులో చాలామంది కలిపేస్తారు.

ఇక వాట్సాప్ నోటీసు. సతేందర్ కుమార్ అంటిల్ కేసులో 2025 జనవరి 21 ఉత్తర్వులు చూడండి. బీఎన్ఎస్ఎస్ 35 కింద హాజరు కమ్మని ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదు. అలాగని మీ క్లయింట్‌ని వెళ్లొద్దనకండి. "నోటీసు చట్టప్రకారం అందలేదు, అందిన వెంటనే హాజరవుతాను" అని రిజిస్టర్డ్ పోస్టులో రాయించండి. ఫోన్ స్విచాఫ్ చేసి కూర్చుంటే "పరారీలో ఉన్నాడు" అని రాసుకుంటారు.

సీమ_స్ట్రింగర్
లాయర్ సార్లందరికీ నమస్కారం. నేను అవతలి పక్క మనిషిని, రాయలసీమలో మండల విలేకరిని. ఇక్కడ నేను మాట్లాడొచ్చో లేదో తెలియదు గానీ ఒక మాట చెప్తా.

మాకు కేసు పడితే మొదట ఫోన్ చేసేది లాయర్‌కి కాదు సార్, జిల్లా స్టాఫర్‌కి. ఆయన డెస్క్‌కి చెప్తాడు. డెస్క్ వాళ్లు "వార్త ఫైల్ పంపు, ఆధారాలు పంపు" అంటారు. అంతవరకే. మేనేజ్‌మెంట్ లెక్కలో మేము ఉద్యోగులం కాము, కంట్రిబ్యూటర్లం. నా మీద ఒక కేసు పడినప్పుడు నేను పనిచేసే పత్రిక (పేరెందుకులే) వకీలు ఫీజు సంగతి ఎత్తలేదు. యూనియన్ వాళ్లు ఒక లాయర్‌ను పెట్టినారు. మంచాయనే. కానీ ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏంటంటే "రాజీ అయిపోదామా?"

రాజీ అంటే ఏంది సార్, వార్త తప్పని సవరణ వేయించడం. ఆ వార్తలో తప్పు లేదు. అట్లా సవరణ వేస్తే మళ్లా మండలంలో ఎవడు నాకు సమాచారం ఇస్తాడు? లాయర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇదొక్కటి నేర్పండి: బెయిలు ఒక్కటే మా అవసరం కాదు. వార్త నిలబడాలి, సమాచారం ఇచ్చినవాడి పేరు బయటికి రాకూడదు. ఆ తర్వాతే బెయిలు. నవ్వుతారేమో గానీ చాలామందికి అదే వరస.

తటస్థుడు
అందరూ విలేకరులను దేవుళ్లను చేస్తున్నారు. మా ఊళ్లో ఇల్లు కట్టుకుంటుంటే పర్మిషన్ చూపించమని మెడలో కార్డు వేసుకుని వచ్చి పదివేలు అడిగినవాడూ విలేకరే. వాడి మీద 308 పెడితే అదీ పత్రికా స్వేచ్ఛ మీద దాడేనా? మీరు శిక్షణ తీసుకుని ఇలాంటివాళ్లను కాపాడతారా?

కిన్నెరసాని
తటస్థుడు గారూ, ప్రశ్న న్యాయమైనదే. అలాంటివాళ్లు మా జిల్లాలోనూ ఉన్నారు, వాళ్ల వల్లే మిగతావాళ్ల మాట స్టేషన్‌లో చెల్లడం లేదు. కానీ పదివేలు అడిగినవాడి మీద కేసు నిలబడాలంటే ఆ పదివేల సంగతి ఫిర్యాదులో ఉండాలి కదండీ. నా దగ్గరున్న ఎఫ్ఐఆర్‌లో వార్త తేదీ ఉంది, వార్త హెడ్డింగు ఉంది, "ఇతరత్రా లబ్ధి కోరుచూ" అని ఒక్క ముక్క ఉంది. అంతే.

నల్లకోటు
దానికి తోడు, కేసు తీసుకునే ముందు మనమే గట్టిగా అడగాలి. "ఆ ఓనరుతో నీకు ఎప్పుడైనా ఫోన్ సంభాషణ జరిగిందా? ప్రకటన అడిగావా? పండగ యాడ్స్ కోసం వెళ్లావా?" ప్రకటనల టార్గెట్ కూడా విలేకరి నెత్తినే వేసే పద్ధతి ఉంది మన దగ్గర. యాడ్ అడిగిన వారానికే వార్త వస్తే ఎదుటివాడికి ఆయుధం దొరికినట్టే. ఇది కోర్టులో ఏపీపీ (ప్రభుత్వ లాయర్) నోటి వెంట వినేకంటే మన ఆఫీసులో క్లయింట్ నోటి వెంట వినడం మేలు.

గోస్తనీ (విశాఖ)
లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో పనిచేస్తున్నా కాబట్టి నా అనుభవం రిమాండ్ వైపు నుంచి. ఈ తరహా కేసుల్లో గెలుపోటములు చాలావరకు మొదటి 24 గంటల్లోనే తేలిపోతాయి. హైకోర్టులో ఎంత గొప్ప వాదన చేసినా అప్పటికే మనిషి జైల్లో, ఫోన్ ల్యాబ్‌లో ఉంటాయి.

రాత్రి పూట మెజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గర హాజరుపరుస్తారు. గేటు బయట జీపు, వరండాలో ఒక బల్ల. మీకు దొరికేది ఐదు నిమిషాలు. రిమాండ్ రిపోర్టు అప్పుడే చేతికిస్తారు, అదీ అడిగితే. ఆ ఐదు నిమిషాల్లో ఏం చూడాలో ముందే చేతికి అలవాటై ఉండాలి. పుస్తకం తిరగేసే వేళ కాదది.

మొదట అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా? న్యూస్‌క్లిక్ వ్యవస్థాపకుడు ప్రబీర్ పురకాయస్థ కేసు చదవండి, 2024 మే 15 తీర్పు. 2023 అక్టోబర్ 3 సాయంత్రం అరెస్టు, మర్నాడు తెల్లవారుజామున ఆరు కాకముందే జడ్జి ఇంట్లో హాజరు. ఆయన పెట్టుకున్న లాయర్‌కు రిమాండ్ దరఖాస్తు కాపీ చేరేసరికి రిమాండ్ అయిపోయింది. సుప్రీంకోర్టు ఆ అరెస్టు, రిమాండ్ రెండూ చెల్లవంది. "దర్యాప్తు కోసం, సాక్ష్యం తారుమారు కాకుండా" లాంటివి ఏ ముద్దాయికైనా సరిపోయే సాధారణ మాటలు. ఈ మనిషిని ఈ కేసులో ఎందుకు పట్టుకున్నారో రాయడం వేరు. మన రిమాండ్ రిపోర్టుల్లో మొదటి రకమే తొంభై పాళ్లు ఉంటుంది, పేరు మార్చి అతికించినవి.

అది యూఏపీఏ (ఉగ్రవాద నిరోధక చట్టం) కేసు కదా అంటారు. 2025 ఫిబ్రవరి 7న విహాన్ కుమార్ కేసులో, అరెస్టు కారణాలు చెప్పామని రుజువు చేసుకోవాల్సింది పోలీసులేనని, అది జరిగిందో లేదో చూడడం మెజిస్ట్రేట్ బాధ్యత అని చెప్పారు. 2025 నవంబర్ 6న మిహిర్ రాజేష్ షా తీర్పుతో ఏ నేరమైనా సరే కారణాలు రాతలో, ముద్దాయికి అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిందే. అప్పటికప్పుడు రాసివ్వలేని పరిస్థితి ఉంటే రిమాండ్‌కు హాజరుపరిచే రెండు గంటల ముందైనా ఇవ్వాలి. కాబట్టి టైమ్ అడగండి, ఆ టైమ్ ఆర్డర్ షీట్‌లో రాయమనండి.

ఆంధ్రా వాళ్లకు ఇంకొకటి. 2025 జులైలో ఏపీ హైకోర్టు మెజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది, సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండ్ ఇచ్చేముందు అర్నేష్ కుమార్, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ పాటించారో లేదో చూడాలని. దాని కాపీ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. ఇచ్చి చూడండి, వాతావరణం మారుతుంది.

లీగల్ ఎయిడ్‌ను చిన్నచూపు చూసేవాళ్లకు ఒక మాట. నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) 2019లోనే అరెస్టుకు ముందు, అరెస్టప్పుడు, రిమాండ్ దశలో న్యాయసహాయం ఎలా ఇవ్వాలో పద్ధతి రూపొందించింది. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేదు. స్ట్రింగర్ దగ్గర డబ్బుల్లేవని దిగులు పడక్కర్లేదు, డీఎల్ఎస్ఏకు (జిల్లా న్యాయసేవల సంస్థకు) ఫోన్ చేయొచ్చు.

థేమ్స్_తెలుగు (లండన్)
గోస్తనీ గారు చెప్పినది చదువుతుంటే ఇక్కడి శిక్షణ పద్ధతి గుర్తొచ్చింది. మీడియా డిఫెన్స్ వాళ్లు లాయర్లకు నడిపే వాటిలో "లిటిగేషన్ సర్జరీ" అని ఒకటుంది. ఉపన్యాసాలు తక్కువ. వచ్చే ప్రతి లాయరూ తను నడుపుతున్న కేసు ఫైలు పట్టుకొస్తాడు. మిగతావాళ్లు దాన్ని విప్పి, ఎక్కడ వాదన బలహీనంగా ఉందో, ఏ అంతర్జాతీయ ప్రమాణం పనికొస్తుందో, తర్వాత ఏ పిటిషన్ వేయాలో తేలుస్తారు. ఇంటికెళ్లేటప్పుడు చేతిలో సగం రాసిన పిటిషన్ ఉంటుంది.

అంతర్జాతీయ ప్రమాణం అంటే మన మెజిస్ట్రేట్లు నవ్వుతారని తెలుసు. కానీ 1979లోనే ఐసీసీపీఆర్‌ను (పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని) భారత్ ఆమోదించింది. భావ ప్రకటన స్వేచ్ఛ గురించిన దాని 19వ అధికరణ మీద 2011లో మానవ హక్కుల కమిటీ ఇచ్చిన 34వ సాధారణ వ్యాఖ్య ఉంది. ద్వేష ప్రసంగం కేసుల్లో 2012 రబాత్ కార్యాచరణ ప్రణాళిక చెప్పిన ఆరు ప్రశ్నలు ఉన్నాయి: సందర్భం ఏమిటి, మాట్లాడినవాడు ఎవరు, ఉద్దేశం ఏమిటి, మాట ఎలాంటిది, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత దగ్గరగా ఉంది. బీఎన్ఎస్ 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం) కేసులో వాదన రాసేటప్పుడు ఈ ఆరూ పక్కన పెట్టుకుని రాస్తే పేరాలు వాటంతటవే వస్తాయి. రబాత్ పేరు ఎత్తకపోయినా నష్టం లేదు.

ఇక్కడ బ్రిటన్‌లో సోర్స్ (విలేకరికి సమాచారం ఇచ్చినవాడి) రక్షణకు 1981 కోర్టు ధిక్కారం చట్టంలోనే పదో సెక్షన్ ఉంది, దానికి తోడు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1996 గుడ్‌విన్ తీర్పు. మన దగ్గర అలాంటిది ఉందా?

నల్లకోటు
లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) ఉంది, వార్త ఎవరిచ్చారో చెప్పమని విలేకరిని బలవంతపెట్టకూడదని. కానీ అది ప్రెస్ కౌన్సిల్ విచారణలో మాత్రమే. స్టేషన్‌లో, కోర్టులో కాదు. 1983లో లా కమిషన్ తన 93వ నివేదికలో సాక్ష్య చట్టంలో ఈ రక్షణ చేర్చమంది. చేర్చలేదు. 2023లో సాక్ష్య చట్టాన్నే మార్చి కొత్తది తెచ్చారు, అప్పుడూ చేర్చలేదు. కాబట్టి స్ట్రింగర్ తమ్ముడు చెప్పిన "సమాచారం ఇచ్చినవాడి పేరు" మనం 19(1)(ఏ), 20(3) (తన మీద తానే సాక్ష్యం చెప్పక్కర్లేని హక్కు), గోప్యత హక్కు కలిపి కాపాడుకోవాల్సిందే. అసలు పోరాటం ఫోన్ దగ్గర జరుగుతుంది.

సీమ_స్ట్రింగర్
అదే అడగబోతున్నా. ఫోన్ ఇవ్వమంటే ఇవ్వాలా? పాస్‌వర్డ్ చెప్పాలా?

నల్లకోటు
తమ్ముడూ, ఫోన్ ఇవ్వను అని గుంజులాడితే విధులకు ఆటంకం అని ఇంకో సెక్షన్ తగిలిస్తారు. ఇచ్చేటప్పుడు ఏం రాయించుకోవాలన్నదే ముఖ్యం. బీఎన్ఎస్ఎస్ 94 కింద అడుగుతున్నారా? అయితే రాతపూర్వక ఉత్తర్వు కావాలి, ఏ కేసుకి, ఏ సమాచారం కోసం అన్నది అందులో ఉండాలి. సోదా చేసి తీసుకుంటే 105 కింద ఆడియో వీడియో రికార్డింగ్ తప్పనిసరి. మధ్యవర్తుల నామా (పంచనామా) కాపీ అడగండి. నేను చూసిన నామాల్లో ఎక్కువ "నలుపు రంగు సెల్‌ఫోన్ ఒకటి, పగిలిన స్క్రీన్ గార్డుతో" అని ఉంటాయి, ఐఎంఈఐ నంబరుండదు, సిమ్ వివరం ఉండదు, హాష్ విలువ (ఫోన్‌లోని డేటాకు వేలిముద్ర లాంటి అంకె) మాట దేవుడెరుగు. ఆ హాష్ విలువ లేకపోతే సీజు చేసిన రోజు ఫోన్‌లో ఏముందో, ల్యాబ్ నుంచి వచ్చిన రోజు ఏముందో ఒకటేనని చెప్పే ఆధారం ఉండదు. కొత్త సాక్ష్య చట్టం 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో హాష్ విలువకు గడి ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే అదే మీ క్రాస్ ఎగ్జామినేషన్.

పాస్‌వర్డ్ సంగతి ఇంకా తేలలేదు. నార్కో పరీక్షల మీద 2010 సెల్వీ తీర్పు పట్టుకుని, మనసులో ఉన్నది బలవంతంగా బయటపెట్టించడం 20(3)కు విరుద్ధమని వాదిస్తాం. హైకోర్టులన్నీ ఒకే దారిలో లేవు. విలేకరుల ఫోన్ల సీజు మీద మార్గదర్శకాలు తెమ్మని 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది, అవి వచ్చేదాకా కేంద్ర సంస్థలు సీబీఐ 2020 మాన్యువల్ పాటిస్తాయని హామీ ఇచ్చారు. కేంద్ర సంస్థలు అన్న మాట గమనించండి. మన ఎస్ఐ గారు కేంద్ర సంస్థ కాదు.

డెస్క్_రాత్రి_షిఫ్ట్
అందరూ క్రిమినలే మాట్లాడుతున్నారు. మా డెస్క్‌కి భయం సివిల్ కోర్టు ఆర్డర్లంటే. శుక్రవారం సాయంత్రం ఎక్కడో కోర్టు నుంచి ఇంజంక్షన్, అందులో వందల లింకులు, "జాన్ డో" (ఎవరో తెలియని వ్యక్తి) అని ఒక ప్రతివాది. వార్త తీసేస్తాం. సోమవారానికి ఆ వార్త చచ్చిపోతుంది. లాయర్‌ను అడిగితే "వాయిదాకు చూద్దాం" అంటారు. కేసుకన్నా ముందే కథ ముగిసిపోతుంది.

శామీర్‌పేట_బ్యాచ్
దీనికి ఆయుధాలు పాత సీపీసీలోనే (సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే) ఉన్నాయి. ఆర్డర్ 39 రూల్ 3: ఎదుటి పక్షం లేకుండా ఇంజంక్షన్ ఇస్తే కారణాలు రాయాలి, పిటిషనర్ వెంటనే కాగితాలు పంపాలి. 3ఏ: ముప్పై రోజుల్లో తేల్చాలి. రూల్ 4: రద్దు కోరవచ్చు. వార్త రాకముందే బెదిరింపు లీగల్ నోటీసు వస్తే 148ఏ కింద కేవియట్ (మా మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దన్న ముందస్తు దరఖాస్తు) వేసి ఉంచండి, తొంభై రోజులు ఉంటుంది. అయితే ఏ కోర్టులో వేస్తారో తెలియదే అంటారు, నిజమే, అదే చిక్కు.

తీర్పుల్లో 2024 మార్చి 22 నాటి బ్లూమ్‌బర్గ్ వర్సెస్ జీ ముఖ్యం. విచారణ జరగకుండా వార్తను ఆపేయడం అంటే దాదాపు మరణశిక్ష లాంటిదని ఆ తీర్పు సారం, వార్త దురుద్దేశంతో కూడినదో అబద్ధమో అని స్పష్టంగా కనబడితే తప్ప ఆపకూడదు. 2025 సెప్టెంబర్‌లో అదానీ సంస్థ కేసులో ఢిల్లీ రోహిణి కోర్టు ఎక్స్‌పార్టీ ఆర్డర్ ఇస్తే, నలుగురు జర్నలిస్టులు అప్పీలుకు వెళ్లారు, జిల్లా జడ్జి వారి వరకు దాన్ని పక్కన పెట్టారు, వాళ్ల మాట వినకుండా ఇచ్చారనే కారణంతో. రెండు వారాల్లోపే. తొందరగా కదిలితే పనవుతుంది. మన జిల్లాల్లో కదలరు, అంతే తేడా.

కిన్నెరసాని
చాలా సంతోషం. ఇంతకీ నా కేసు అప్‌డేట్: నోటీసు సక్రమంగా ఇప్పించుకున్నాం, మావాడు హాజరయ్యాడు, నేను బయట బెంచీ మీద కూర్చున్నా. ఫోన్ అడిగారు. రాతపూర్వక ఉత్తర్వు అడిగితే "పెద్దసారును కనుక్కుంటా" అన్నాడు. ప్రస్తుతానికి ఫోన్ మావాడి దగ్గరే ఉంది.

క్వాష్ వేద్దామనుకుంటున్నాం. తెలంగాణలో ఏమైనా తీర్పులు పట్టుకోవచ్చా?

నల్లకోటు
2025 సెప్టెంబర్ 10న మన హైకోర్టు నల్ల బాలు కేసులో ఇచ్చిన తీర్పు తీయండి. సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన మూడు ఎఫ్ఐఆర్‌లు కొట్టేస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడాలి, కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చేయాలి, రాజకీయ విమర్శను యాంత్రికంగా నేరం చేయకూడదు, పరువునష్టం కాగ్నిజబుల్ (పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం) కాదు కాబట్టి మెజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి, ఇలాంటివి. మీది పత్రికలో వచ్చిన వార్త, పోస్టు కాదు, కానీ తర్కం అదే.

దానికి జతగా 1997 బిలాల్ అహ్మద్ కాలూ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. రెండు వర్గాల ప్రస్తావన లేకుండా వర్గాల మధ్య ద్వేషం అన్న నేరం నిలవదు. లారీ ఓనర్లు ఒక వర్గం, వార్తాపత్రిక పాఠకులు ఒక వర్గమా? షిల్లాంగ్ టైమ్స్ ఎడిటర్ మీద కేసు కొట్టేసిన 2021 పట్రీషియా ముఖిమ్ తీర్పు కూడా పెట్టండి, అది జర్నలిస్టు కేసు కాబట్టి బెంచ్‌కి దగ్గరగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. క్వాష్ పిటిషన్ మీద 482 అని వేయకండి. పాత సీఆర్‌పీసీ 482 ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 528. కొత్త 482 ముందస్తు బెయిలు. రిజిస్ట్రీ వాళ్లు వెనక్కి కొడితే ఒక వారం పోతుంది.

తటస్థుడు
పెద్ద చానళ్ల వాళ్లకైతే సుప్రీంకోర్టుకే వెళ్తారు, నేరుగా. మండల విలేకరికి ఇవన్నీ ఎవరు చేస్తారు?

గోస్తనీ
మీరన్నది కొట్టిపారేయలేను. 2025 జూన్‌లో టీవీ యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును హైదరాబాద్‌లో అరెస్టు చేసి ఆంధ్రాకు తీసుకెళ్లారు, చర్చలో ఒక అతిథి అన్న మాట మీద కేసు. జూన్ 13న సుప్రీంకోర్టు విడుదల చేయమంది, ఆర్టికల్ 32 (ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి) కింద. అతిథి మాటకు యాంకర్ బాధ్యుడెలా అవుతాడన్నదే అక్కడ ప్రశ్న. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో వేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారకముందే పట్టుకెళ్లారు. వీళ్ల గురించి దేశమంతా మాట్లాడింది. ప్రభుత్వం ఏ పార్టీదైనా తీరు ఒకటే, అది రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. మండల విలేకరి గురించి జిల్లా ఎడిషన్‌లో కూడా రాదు. అందుకే శిక్షణ ఢిల్లీలో కాదు, ఖమ్మంలోనూ అనంతపురంలోనూ జరగాలంటున్నా.

ఇంకొకటి, ఎవరూ ఎత్తలేదు. మన భద్రత. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో లాయర్ దంపతులను నడిరోడ్డు మీద నరికి చంపారు, 2025 ఆగస్టులో గానీ సుప్రీంకోర్టు దాన్ని సీబీఐకి ఇవ్వలేదు. క్లయింట్‌తో లాయర్‌ను కలిపి చూడకూడదని 1990 హవానా సూత్రాల్లో ఐక్యరాజ్యసమితి చెప్పింది. కాగితం మీద. 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు, ముద్దాయి తరఫు లాయర్‌ను పోలీసులు ఇష్టం వచ్చినట్టు సమన్ చేయకూడదని, చట్టంలోని మినహాయింపు వర్తిస్తేనే, అదీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక అనుమతితోనే అని చెప్పింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, రాత్రి రిమాండ్‌కు ఒంటరిగా వెళ్లొద్దని, వెళ్లేముందు ఇంకో లాయర్‌కు లొకేషన్ పంపమని నేను చెప్తాను. ఏ డిప్లొమాలోనూ ఈ పాఠం లేదు.

థేమ్స్_తెలుగు
కేసు ఫైళ్ల నుంచే నేర్చుకునే ఈ సంప్రదాయం మన దగ్గర కొత్తదేం కాదు. సికింద్రాబాద్ కుట్ర కేసు 1974లో పెట్టారు, అందులో రచయితలూ ముద్దాయిలే, 1989లో కొట్టేశారు. పౌరహక్కుల లాయర్ కన్నబిరాన్ గారి దగ్గర జూనియర్లు నేర్చుకున్నది ఆ ఫైళ్ల నుంచే. హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారు లెక్కల లెక్చరర్, తర్వాతే లా చదివారు, నిజనిర్ధారణకు వెళ్లి వాంగ్మూలాలు రాసుకుని రాసుకుని. సర్జరీ అన్న పేరు లేదు గానీ పని అదే.

కిన్నెరసాని
అయితే మనమే ఒకటి పెట్టుకుందామా? మా బార్ అసోసియేషన్ హాలు ఆదివారం ఖాళీ. ఉపన్యాసాలు వద్దు. రెండు ఫైళ్లు, ఒకటి రిమాండ్, ఒకటి ఇంజంక్షన్. గోస్తనీ మేడం మెజిస్ట్రేట్‌గా కూర్చోవాలి.

గోస్తనీ
వస్తా. కానీ ఒక షరతు: మీకు రిమాండ్ రిపోర్టు చేతికిచ్చి ఐదు నిమిషాలే ఇస్తాను, వాచీ పెట్టి. మధ్యలో ఎస్ఐ పాత్ర వేసేవాడు మీతో మాట్లాడుతూనే ఉంటాడు. అసలు దానిలో అలాగే ఉంటుంది.

నల్లకోటు
ఎస్ఐ పాత్ర నాది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, బాగా వేస్తాను. రిటైరైన మెజిస్ట్రేట్ ఒకరు తెలుసు, ఆయన్ని కూడా అడుగుతా. లాయర్లు వరండాలో ఏం చెప్తే తను వినేవాడో, ఏం చెప్తే విసుగొచ్చేదో ఆయన నోట వినాలి మన పిల్లలు.

సీమ_స్ట్రింగర్
మేమూ రావచ్చా సార్? ముద్దాయి పాత్రకు మేకప్ అక్కర్లేదు నాకు.

కిన్నెరసాని
తప్పకుండా అన్నా. సీమ నుంచి అంత దూరం కష్టమైతే వీడియోలో చేరండి, లింక్ ఇక్కడే పెడతా. సాక్షిగా డెస్క్ వాళ్లలో ఒకరు కూడా కావాలి, వార్త ఎలా వస్తుంది, ఎవరు దిద్దుతారు, హెడ్డింగు ఎవరు పెడతారు అన్నది లాయర్లకు తెలియదు. నేనైతే మొన్నటిదాకా హెడ్డింగు రాసింది మా క్లయింటే అనుకున్నా.

డెస్క్_రాత్రి_షిఫ్ట్
హెడ్డింగు డెస్క్‌దే. ఆదివారం మధ్యాహ్నం దాకా నాకు వీలవుతుంది, ఆ తర్వాత డ్యూటీ.

నల్లకోటు
ఫైళ్లు పంపేవాళ్లు నడుస్తున్న కేసులైతే క్లయింట్ అనుమతి తీసుకోండి. ఎఫ్ఐఆర్‌లో పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు నల్లగా కొట్టేయండి, ఫోటో తీసి పంపేటప్పుడు వెనక పేజీ కూడా చూసుకోండి, సిరా కనబడుతుంది. సెక్షన్లు, టైములు మాత్రం అలాగే ఉంచండి. అరెస్టు టైమ్, హాజరుపరిచిన టైమ్ లేని కాపీ నాకు పంపకండి.